చాలు అనేదాకా

209వ రోజు

వచ్చినవి 2600. ఇళ్లకు 2480. మిగిలినవి 120.

అడుగూరు నీటి పుస్తకంలో రోజుకు ఈ మూడు అంకెలు రాస్తే సరిపోతుందని నాకు ముందు ఈ పని చేసినాయన తాళం చేతికిస్తూ చెప్పాడు. తొట్టిలోకి ఎన్ని లీటర్లు వచ్చాయి, యాభై రెండు ఇళ్లకు ఎన్ని పోయాయి, చివర్న ఎన్ని మిగిలాయి. పదకొండేళ్లు అలాగే రాశాను. ఈ రోజు నుంచి మాటలు కూడా రాస్తున్నాను. ఈ తాళం రేపు ఎవరి చేతికి పోతుందో తెలియదు, వాళ్లకు పనికొస్తుంది.

రోజూ మూడు వేలు రావాలి. కొండ మీద పొగమంచును నీళ్లుగా పట్టే వలల్లో ఒకటి గాలికి చిరిగింది. తెల్లారగానే, ఈ నేల కింది ఊళ్లోంచి పైకి పోయే ఎండ తలుపు దగ్గర నిలబడ్డాను. బయట వేడి నలభై లోపు ఉందా అని ముందు చూసుకుని, ఉంటేనే తెరుచుకునే తలుపు అది. ఈ రోజు ముప్పై తొమ్మిది ఉంది, తెరుచుకుంది. పైకి పోయి చూస్తే మద్దిలేటి కుట్టిన అతుకు దగ్గరే చిరుగు. మద్దిలేటి నా మొగుడు. వలలు కుట్టడం ఆయన పని. రెండు కిడ్నీలూ పోయి ఏడాదిన్నర అయినా సూది మాత్రం వదలడు.

మధ్యాహ్నానికల్లా తనే కూర్చుని దాన్ని మళ్లీ కుట్టాడు. నేను పోయి వంటశాల బోర్డు మీద రాశాను: ఈ రోజు నీళ్లు తక్కువ వచ్చాయి, అందరూ కొంచెం తగ్గించుకుని వాడుకోండి. నీటి మనిషిగా అది నా పని. అందులో తప్పేమీ లేదనే అనుకున్నాను.

210వ రోజు

వచ్చినవి 3000. ఇళ్లకు 2900. మిగిలినవి 100.

వల బాగైంది, నీళ్లు మామూలుగానే వచ్చాయి. మరి ఇళ్లకు నాలుగు వందల ఇరవై లీటర్లు ఎక్కువ ఎందుకు పోయాయి? గొట్టం కారుతోందేమోనని మోకాళ్ల మీద పాకుతూ మొత్తం చూశాను. ఎక్కడా తడి లేదు. ఉత్త శ్రమ.

211వ రోజు

వచ్చినవి 3000. ఇళ్లకు 3000. మిగిలినవి సున్నా.

యాభయ్యో ఇంటి దగ్గరే తొట్టి అడుగంటింది. చివరి రెండిళ్ల వాళ్లు బిందెలు పట్టుకుని నా గది ముందుకు వచ్చారు. గొట్టానికి ఏ జబ్బూ లేదు. జబ్బు నా బోర్డుకు ఉంది. నీళ్లు తక్కువ అని చదివి, రేపు ఉంటాయో ఉండవోనని ప్రతి ఇల్లూ ఒక బిందె ఎక్కువ పట్టుకుంది. పట్టుకున్నందుకు నీళ్లు నిజంగానే తక్కువయ్యాయి. అది చూసి రేపు ఇంకో బిందె పడతారు.

ఇక్కడ నీళ్లు ఎలా పోస్తామో రాయాలి. నా ప్రోగ్రాంలో ఒక లూపు లోపల ఇంకో లూపు ఉంటుంది. బయటి లూపు ఒకటో నంబరు నుంచి యాభై మూడు దాకా వరసగా తిరుగుతుంది. యాభై రెండు ఇళ్లు, యాభై మూడోది ఆస్పత్రి. లోపలి లూపు ఒక్కో ఇంటి దగ్గర తిరుగుతుంది. ముందు పది లీటర్లు పోస్తుంది. పోసి, గోడలోని స్పీకరు నుంచి "ఇంకా?" అని అడుగుతుంది. ఇంట్లో ఎవరైనా "చాలు" అంటే పక్కింటికి పోతుంది. అనకపోతే మళ్లీ పది పోసి మళ్లీ అడుగుతుంది. చాలు అనేదాకా అంతే. పది గంటలకు మాత్రం ఎక్కడ ఉన్నా పంపు ఆగిపోతుంది, ఎండకు పైగొట్టం ఉడికిపోతుంది కాబట్టి.

ఎవరికీ కొలత లేదు. కొలిచే గ్లాసులున్న శిబిరాల నుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఈ ఊరు తవ్వుకున్నారు. ఇక్కడ ఎవరి నీళ్లూ కొలవకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నారు. నలభై ఏళ్లుగా ఎవరూ అవసరానికి మించి పట్టలేదు. నేను ఒక్క వాక్యం రాసి రెండు రోజుల్లో ఆ పరువు తీశాను.

బోర్డు తుడిచేశాను. తుడిచినందుకు ఇంకా భయపడ్డారు.

212వ రోజు

వచ్చినవి 3000. ఇళ్లకు 3000. మిగిలినవి సున్నా. నలభై తొమ్మిదో ఇంటి దగ్గర ఆగింది.

ఈ రోజు మద్దిలేటికి నెత్తురు కడిగే రోజు. మూడు రోజులకొకసారి ఆస్పత్రి మిషన్ ఆయన నెత్తురును బయటికి తీసి, కడిగి, మళ్లీ లోపలికి పంపుతుంది. నాలుగు గంటలు అదే తిరుగుడు. నిమిషానికి అర లీటరు నీళ్లు తాగుతుందది. రెండు వందల నలభై నిమిషాలకు నూట ఇరవై లీటర్లు.

ఆస్పత్రిలో మూత వేసిన డ్రమ్ము ఒకటుంది, 480 లీటర్లు. దానికి జల్లెడ గొట్టం నుంచి తప్ప వేరే దారిలో నీళ్లు పోయడానికి లేదు. నెత్తురులో కలిసే నీళ్లు కాబట్టి ఇంటి బిందెతో తెచ్చి పోస్తే మనిషే పోతాడు. పొద్దున డ్రమ్ము నిండుగా ఉంది. అంటే నాలుగు సార్లకు సరిపోతుంది. 212, 215, 218, 221. కొత్తగా నీళ్లు రాకపోతే 224వ రోజుకు ఏమీ ఉండదు.

మా ఇల్లు నలభయ్యోది. ఈ రోజు పది లీటర్లకే నేను చాలు అన్నాను. మామూలుగా పట్టే యాభైలో మిగిలిన నలభై లీటర్లు వరస చివరిదాకా పోతాయనుకున్నాను. నలభై ఒకటో ఇల్లు పట్టేసుకుంది.

214వ రోజు

మూడు అంకెలూ మొన్నటివే. కొత్తగా రాయడానికేమీ లేదు.

ఊళ్లోకి గాలి తోసే గాలిమరకు నూనె వేస్తుంటే సులువైన దారి ఒకటి తట్టింది. గాలిమర లూపు ఎప్పటికీ ఆగనిది, దాన్ని ఆపే షరతే లేదు, ఎవరూ పెట్టరు కూడా. దాని దగ్గర కూర్చుంటే బుర్ర బాగా పనిచేస్తుంది. బయటి లూపు వరస మారిస్తే చాలు. ఒకటో ఇంటితో కాకుండా ఆస్పత్రితో మొదలుపెట్టాలి. రోజుకు నలభై లీటర్లు. ఒక ఇంటి వాటా కంటే తక్కువ. ప్రోగ్రాంలో ఒక్క వరుస మార్పు.

ఇంటికి పోయి మద్దిలేటికి చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు.

"మే, ఆ మాట ఇంగోసారి అనొద్దు. మొగునికి ముందు పోసుకునె అంటారు. పదకొండేండ్లు నీ మీద ఒక్క మాట పడలే. నాకోసరం పడొద్దు."

నాకు ఒళ్లు మండింది. ఇంకెవరి మొగుడికైనా ఈ జబ్బుంటే నిన్ననే వరస మార్చేసేదాన్ని. నా మొగుడు కాబట్టి మార్చకూడదు. ఇదెక్కడి న్యాయం? అయినా ఆయన మాట కాదనలేకపోయాను.

216వ రోజు

వచ్చినవి 2950. ఇళ్లకు 2600. మిగిలినవి 350. ఆస్పత్రికి సున్నా.

ఈ నాలుగో అంకె నేను చేసిన తప్పు. దాచను.

నిన్న సభ కూర్చుంది. సభ పెద్ద కంబగిరి మామ, ఒకటో ఇల్లు. ఈ ఊరు తవ్విన వాళ్లలో ఇంకా బతికున్నది ఆయనొక్కడే. మిషన్ పోసే పద్ధతి వేరే ఏదైనా ఉందా అని అడిగాడు. బంతిలో వడ్డించేవాళ్లతో పోల్చి చెప్పాను. ఒకడు ఆకుకు మూడు గరిటెలని లెక్కపెట్టి వేసుకుంటూ పోతాడు, తినేవాడి ముఖం కూడా చూడడు. అది లెక్క లూపు. ఇంకొకడు ముందు ఆకు చూస్తాడు, ఖాళీగా ఉంటేనే వేస్తాడు, నిండుగా ఉంటే ఒక్క గరిటె కూడా వేయకుండా దాటిపోతాడు. అది చూసి పోసే లూపు, మన ఎండ తలుపు లాంటిది. మూడోవాడు ముందు ఒక గరిటె వేసి, తర్వాత అడుగుతాడు. మన నీళ్లు ఆ పద్ధతి. నాలుగోవాడు ఆగడు, వాడే గాలిమర.

మూడోవాడే మర్యాద తెలిసినవాడు కదా అన్నాడు కంబగిరి మామ. మర్యాదతోనే మునిగిపోతున్నాం మామా అన్నాను. రెండు గంటలు వాదించుకున్నాక, ఒక్క రోజుకు లెక్క లూపు పెట్టి చూడమన్నారు. ఇంటికి యాభై లీటర్లు.

ఊరు ఏకమైంది, నన్ను తిట్టడానికి. తొమ్మిదో ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి. బిందెలు నిండి, గిన్నెలు నిండి, నేల మీద పారుతున్నా మిషన్ తన యాభై పూర్తి చేసింది. ఆమె చాలు చాలు అని అరుస్తూనే ఉంది, వినే వరుసే అందులో లేదు. పద్నాలుగో ఇంట్లో పదకొండు మంది. వాళ్లకూ అదే యాభై.

ఇంత జరిగినా నాకు లోలోపల సంతోషమే. లెక్క ప్రకారం 350 మిగలాలి, మిగిలాయి. మిగిలినవన్నీ చివరి నంబరైన ఆస్పత్రికి పోయి డ్రమ్ము నిండుతుంది. పరుగెత్తుకుంటూ పోయి చూస్తే జల్లెడ గొట్టం పొడిగా ఉంది. తిరిగొచ్చి ప్రోగ్రాం చూసుకున్నాను. ఒకటితో మొదలుపెట్టి, నంబరు యాభై మూడు కంటే తక్కువ ఉన్నంత సేపు తిరుగు అని రాశాను. యాభై రెండుతో ఆగిపోయింది. యాభై మూడు కూడా కలవాలని రాయాల్సింది. ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు మొదటి వారంలో చేసే తప్పిది. పదకొండేళ్ల తర్వాత, నా మొగుడి నీళ్ల దగ్గర చేశాను. మిగిలిన 350 లీటర్లు పది గంటలకు మామూలుగానే కొర్ర నారుమడిలోకి పోయాయి. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

217వ రోజు

ఇంకొక్క రోజు లెక్క లూపు ఉంచమని సభ ముందు చేతులు జోడించాను. తప్పు దిద్దుకున్నానని చెప్పాను. వినలేదు.

"కొలిచి తాగేకి అయితే ఆ శిబిరంలోనే ఉండొచ్చు కదా సుంకమ్మా. ఇంత లోపలికి తవ్వుకుని వచ్చింది ఏంటికి?" అన్నాడు కంబగిరి మామ.

పోనీ పాత పద్ధతిలోనే పోద్దాం, ఆరుసార్లు అడిగాక మాత్రం ఆపేద్దాం, ఒక హద్దు ఉంటుంది అన్నాను. హద్దు అన్నా కొలతే అన్నారు. సభలో మాటకారులకు కొదవ లేదు.

219వ రోజు

వచ్చినవి 3000. ఇళ్లకు 3000. ఇరవై ఏడో ఇంటి దగ్గర ఆగింది.

కొలత ఉండకూడదని సభ వాళ్లే చెప్పారు కదా అని చూసి పోసే లూపు పెట్టాను. బిందె కింద బరువు చూసే పలక ఉంటుంది. బిందె నిండిందా అని మిషన్ ముందు చూస్తుంది. నిండకపోతే పోస్తుంది, మళ్లీ చూస్తుంది. నిండితే పక్కింటికి పోతుంది. ఎవరి ఇష్టంతోనూ పని లేదు, బిందె ఎంత చెబితే అంత.

బిందె అబద్ధం చెప్పదనుకున్నాను. మనుషులు దానికి నేర్పించారు. నిండబోయే ముందు ఎత్తి ఇంట్లో తొట్టిలో కుమ్మరించి, ఖాళీ బిందె మళ్లీ కింద పెడుతున్నారు. మిషన్ చూసిన ప్రతిసారీ బిందె ఖాళీగానే ఉంది. అది మాత్రం ఏం చేస్తుంది? షరతు తీరేదాకా తిరగడమే దాని పని, తీరకుండా వీళ్లు చూసుకున్నారు. ఒకటో ఇంట్లోనే నూట నలభై లీటర్లు పోయాయి. ఊరు తవ్విన ఇల్లది. నేను ఆ మాట గట్టిగానే అన్నాను. కోడలు పట్టిందట, కంబగిరి మామకు తెలియదట.

రేపటి నుంచి మళ్లీ పాత లూపే.

నిన్న మద్దిలేటి మెట్లెక్కి వచ్చి, నాలుగు మాటలు మాట్లాడేసరికి ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికొచ్చినా పడుకోడు. కడిగించుకున్న రోజు హుషారుగా ఉండాలి కదా అని అడిగితే, గాలిమర సరిగా తిరగట్లేదేమో చూసుకో అన్నాడు. గాలిమర బాగానే తిరుగుతోంది.

221వ రోజు

వచ్చినవి 3000. మిగిలినవి సున్నా. నలభై ఎనిమిదో ఇంటి దగ్గర ఆగింది.

డ్రమ్ములోని ఆఖరి నూట ఇరవై ఈ రోజు అయిపోతాయి. మద్దిలేటిని ఆస్పత్రి వాకిట్లో దింపి, సభ వాళ్ల కాళ్లు పట్టుకోవడానికి పోయాను. ఆస్పత్రిని వరసలో ముందు పెట్టండని ఇన్నాళ్లకు నోరు తెరిచి అడిగాను. ఆయన వద్దన్నా అడిగాను. వరస వచ్చిన క్రమంలో ఉంటుంది, ఆస్పత్రి అందరికంటే చివర కట్టింది, ఎప్పుడూ మిగులుతూనే వచ్చాయి, రెండు రోజులు ఓపిక పట్టమన్నారు. ఒకామె, నీ మొగుడని చెప్పి వరస మారుస్తావా అని అడిగింది. అంటారని మద్దిలేటి ముందే చెప్పిన మాటే.

ఇంటికొచ్చేసరికి ఆయన చెప్పులు విప్పుకోలేక కూర్చుని ఉన్నాడు. పాదాలు వాచి ఉన్నాయి. చెప్పులు బిగుతుగా ఉన్నాయన్నాడు. అవి నాలుగేళ్ల నాటి చెప్పులు.

222వ రోజు

అంకెలు తర్వాత రాస్తాను.

పొద్దున ఖాళీ డ్రమ్మును కడిగి పెడదామని ఆస్పత్రికి పోయాను. నీళ్లు రాకపోయినా నా చేతులకు ఏదో ఒక పని కావాలి. మూత తీసి చూస్తే లోపల నీళ్లున్నాయి. కొలకర్ర దించాను. నూట యాభై లీటర్లు.

నాలుగు సార్లు నూట ఇరవై అంటే 480. డ్రమ్ములో ఉన్నదీ 480. నూట యాభై ఎలా మిగులుతాయి? ఒక్క క్షణం సంతోషపడ్డాను, సిగ్గులేకుండా. తర్వాత లెక్క మళ్లీ వేసుకున్నాను. నీళ్లు వాటంతటవే పెరగవు. వాడకం తగ్గితేనే మిగులుతాయి. మిషన్ దగ్గరకు పోయి దాని జాబితా తెరిచాను.

212: 240 నిమిషాలు. 215: 180. 218: 120. 221: 120.

నర్సు దస్తగిరి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను అడగక ముందే చెప్పేశాడు.

"అక్కా, నేనేం చేసేది? అన్న చాలు అంటాడు, మిషన్ నిలబడిపోతాది. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించుకున్న్యాడు."

ఆ మిషన్ లూపు కూడా నేను రాసిందే. ఏడాదిన్నర కింద, ఈ ఊరి మర్యాద ప్రకారం, పదిహేను నిమిషాలు కడుగు, "ఇంకా?" అని అడుగు, రోగి చాలు అంటే ఆపు, అనకపోతే నాలుగు గంటలయ్యాక ఆపు అని రాశాను. నొప్పి పుడితే ఆపుకోవడానికి ఒక దారి ఉండాలనుకున్నాను. నాలుగు గంటలూ ఆయన నిద్రపోయేవాడు, మిషన్ తనంతట తాను పూర్తి చేసేది. ఊళ్లో యాభై రెండు ఇళ్లు చాలు అనడం లేదని నేను పదిరోజులుగా గొంతు చించుకుంటున్నాను. నా ఇంట్లో మనిషి ఆ మాట ముందే అనేసి, నాలుగు గంటలూ అయ్యేదాకా వలల గదిలో కూర్చుని, మామూలుగా వచ్చే వేళకే ఇంటికి వస్తున్నాడు.

వలల గదిలోనే ఉన్నాడు. నేను అరిచాను. ఏమేం అన్నానో రాయను. అంతా విని, సూదిలో దారం ఎక్కించుకుంటూ చెప్పాడు.

"చిరిగింది నా కుట్టే కదమే. అందరూ కొంచెం తగ్గించుకోండి అని బోర్డు మీద రాసింది నువ్వు. ఊరంతట్లో నీ మాట ఇన్నది నేనొక్కన్నే."

ఆయన ముందు నేల మీద కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే కోపంగా ఉన్నాను. ఆయన మీద, ఊరి మీద, ఆ బోర్డు మీద.

వచ్చినవి 3000. ఇళ్లకు 3000.

223వ రోజు

వచ్చినవి 3000. ఆస్పత్రికి 40. ఇళ్లకు 2960.

పొద్దున తాళం తిప్పే ముందు రెండు వరుసలు మార్చాను. ఒకటి, నీళ్ల లూపు ఇప్పుడు ఆస్పత్రితో మొదలవుతుంది, నలభై పోసి ఒకటో ఇంటికి పోతుంది. రెండోది, నెత్తురు కడిగే మిషన్ ఇక ఎవరినీ అడగదు. పదిహేనేసి నిమిషాలు పదహారు సార్లు, అంతే. ప్రమాదం వస్తే ఆపే ఎర్ర మీట దస్తగిరి చేతిలో ఉంటుంది. ఎవరి అనుమతీ తీసుకోలేదు. సభ పిలిచేలోగా నేనే సభను పిలిచాను.

చేసింది చెప్పాను. ఆస్పత్రి జాబితాలోని నాలుగు అంకెలు చదివాను. 240, 180, 120, 120. ఎందుకు తగ్గాయో చెప్పాను. వలల గదిలో ఆయన అన్న మాట కూడా చెప్పాను, చెప్పొద్దంటాడని తెలిసీ చెప్పాను. అందరూ ఒక్కసారిగా మారిపోయారని రాయలేను. కొందరు తల దించుకున్నారు. ఒకామె ఏడ్చింది. యాభై రెండో ఇంటి ఆయన మాత్రం, అయితే మా ఇంటికి నీళ్లు ఎప్పుడొస్తాయో అది చెప్పమన్నాడు. ఆయన అడిగింది సబబే.

కంబగిరి మామ, నువ్వు చేసింది తప్పా కాదా అని అడిగాడు. తప్పే అన్నాను.

"మల్ల ఎందుకు చేస్తివి?"

"రెండు రోజులు ఓపిక పట్టమంటిరి కదా మామా. ఆయన దగ్గర రెండు రోజులు లేవు."

తాళం తీసుకున్నారు. నీటి మనిషిని మార్చుకునేదాకా కంబగిరి మామే చూసుకుంటాడట. పోయే ముందు వరస పాతదిగా మార్చి పొమ్మన్నారు. మార్చనన్నాను. కావాలంటే మీరే మార్చుకోండి, ప్రోగ్రాం అంతా అక్కడే ఉంది, నేను దాచింది ఏమీ లేదన్నాను. పదకొండేళ్ల పని అర నిమిషంలో పోయింది. గదిలోంచి నా నూనె డబ్బా, నా చాప తెచ్చుకున్నాను. పుస్తకం ఎవరూ అడగలేదు, అదీ తెచ్చుకున్నాను.

కంబగిరి మామ కళ్లద్దాలు సర్దుకుని నీళ్ల మిషన్ ముందు కూర్చోవడం కిటికీలోంచి చూశాను. సాయంత్రం భోజనాల గంట కొట్టినా లేవలేదు. తెలివైన మనిషి. శిబిరంలో ఉన్నప్పుడు లెక్కల పంతులట. ఆ ఒక్క వరుస కనిపెట్టడం ఆయనకు కష్టమేమీ కాదు.

224వ రోజు

అంకెలు నాకు తెలియవు. తాళం నా దగ్గర లేదు.

తెల్లారేసరికి ఆస్పత్రిలో జల్లెడ గొట్టానికి చెవి ఆనించి కూర్చున్నాను. ఆరు గంటలకు పంపు మొదలైంది. పాత వరసైతే ఈ గొట్టానికి పది దాకా చప్పుడు ఉండదు, ఈ మధ్యైతే అసలే ఉండదు. ఆరూ రెండు నిమిషాలకు గొట్టం గుటకలు వేసింది. డ్రమ్ములో నీళ్లు పడుతున్న చప్పుడు విని దస్తగిరి కూడా వచ్చి నిలబడ్డాడు.

తొమ్మిదికి కంబగిరి మామ కర్ర పట్టుకుని వచ్చాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

"ఆ వరస మార్చేది యాడుండాదో నాకు కనపడల్యా సుంకమ్మా. కండ్లు పోయినాయి" అని చెప్పి, నన్ను చూడకుండా వెళ్లిపోయాడు. యాభై రెండో ఇంటికి ఈ రోజు పది లీటర్లు అందాయట. అది కూడా ఆయన చెప్పలేదు, దస్తగిరి చెప్పాడు.

మధ్యాహ్నం మద్దిలేటిని తీసుకొచ్చాను. ఈసారి వాకిట్లో దింపి పోలేదు, పక్కనే కుర్చీ వేసుకున్నాను. నువ్వు పో, నీకు పనుంటుంది అన్నాడు. నాకు ఏ పనీ లేదన్నాను. అది నిజమే.

120వ నిమిషం. కళ్లు తెరిచి "చాలు" అన్నాడు. మిషన్ తిరుగుతూనే ఉంది. ఇంకోసారి గట్టిగా అన్నాడు. అప్పుడు తల తిప్పి నన్ను చూశాడు.

"మే. ఏం చేస్తివి దీన్ని?"

"వినేది తీసేసినా. రెండు వందల నలభై అయ్యేదాకా అది ఆగదు, నేనూ లేయను."

మొదలుపెట్టాడు. నువ్వు జన్మలో ఒకరి మాట విన్నావా అన్నాడు. పెళ్లిలో నేను పీటల మీద నుంచి లేచిపోయి మైకు వాడితో గొడవ పడ్డది గుర్తుచేశాడు. ఉద్యోగం పోగొట్టుకున్నందుకు తిట్టాడు, సభలో తన మాట చెప్పినందుకు తిట్టాడు, తన దారపు కండెలు ఎప్పుడూ సర్దే పద్ధతిలో సర్దనందుకు తిట్టాడు. దస్తగిరి మెల్లగా బయటికి జారుకున్నాడు.

మొన్నటికి మొన్న నాలుగు మాటలకే గోడ పట్టుకున్న మనిషి. 160వ నిమిషానికి గొంతు పెరిగింది. 200కి మిషన్ సూది గుచ్చని చెయ్యెత్తి చూపిస్తూ తిట్టాడు. 240 దాకా ఊపిరి కోసం ఎక్కడా ఆగలేదు. నేను నోరు మెదపకుండా కూర్చుని మొత్తం విన్నాను.